పొణికి కర్ర విమానం

ఎలుక ఉచ్చ వాసన ఎంత కడిగినా పోదు. ఆ బొమ్మ విమానాన్ని నా టేబులు మీద పెట్టిన రోజున రెక్క సందుల్లోంచి ఎలుకపిల్లల ఎముకలు, బొద్దింక గుడ్లు రాలాయి. పొట్టలోని బ్యాటరీలు చిలుము పట్టి పచ్చటి జిగురు కార్చాయి. ఆ కంపుకి మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయాను.

తొంభైల చివర, తిరువూరు బస్టాండు దగ్గర నాది టీవీల రిపేరు కొట్టు. గది ఒక ఆసామిది. ఆయనకి గంపలగూడెం వైపు పొలాలు, ఊళ్ళో అప్పుడే పూర్తవుతున్న మేడ. ఆ మేడ హాల్లో గోడంత షోకేసు చేయించి, అందులో పెట్టడానికి పాత ఇంటి అటక మీంచి దీన్ని దింపించాడు. ముక్కున చిన్న ఇంజను, లోపల రేడియో పెట్టె. కింద నిలబడి రిమోటుతో ఎగరేసేది.

"మా నాన్న ఇంగ్లండు నుంచి తెప్పించాడయ్యా. ఏ కంపెనీదో కనుక్కుని, గృహప్రవేశానికి కొత్తదానిలా చేసివ్వు" అన్నాడు.

ఇంజన్లో ఇంధనంతో కలిపి పోసిన ఆముదం గడ్డకట్టి బంకైపోయింది. కిరసనాయిల్లో నానబెట్టి, వేణ్ణీళ్ళలో కాచి కదిపాను. కంపెనీ పేరు కోసం రెక్క మీద రంగు గీకితే కిటికీలకేసే నీలం రంగు పొరలు పొరలుగా ఊడింది. ఎవడో ఏటేటా పూసినట్టున్నాడు, చేతులు పడిపోను. దాని కింద పట్టుబట్ట, బట్టకి జరీ అంచు. బట్ట ఎత్తితే తెల్లటి తేలిక కర్ర. పొణికి. కొండపల్లి బొమ్మలు చెక్కే కర్ర. ఇంగ్లండులో పొణికి చెట్లెక్కడివి?

హైస్కూల్లో మాకు డ్రాయింగు చెప్పిన మాస్టారు రిటైరై ఊళ్ళోనే ఉంటున్నారు. ఆయనకి కర్రల సంగతి బాగా తెలుసు. ఒక ముక్క పట్టుకెళ్ళి చూపించాను. ఆయన దాన్ని వాసన చూసి, గోటితో నొక్కి చూశారు.

"ఎడమ రెక్కలో కొస నుంచి మూడో పట్టీ చూడరా. విరిగితే చీపురుపుల్ల ఆనించి దారంతో కట్టాను."

వచ్చి చూశాను. చీపురుపుల్ల ఉంది, దారం కూడా ఉంది.

ఇంజనూ రేడియో మద్రాసులో కొన్నారట. మిగతాదంతా ఆయన చేతి పనే. నెమలి ఊరి గుళ్ళో అర్చకత్వం చేసిన వాళ్ళ నాన్నగారి పాత పట్టుపంచె రెక్కలకి వేశారు. కోతలైన పొలంలో ఎగరేస్తుంటే ఆసామి తండ్రి చూసి, చుట్టాలకి చూపించి రెండు రోజుల్లో పంపిస్తానని పట్టుకెళ్ళాడు. అంతే సంగతులు.

"మీరు అడగలేదా మాస్టారూ?"

"రెండుసార్లు వెళ్ళాను. మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగిచ్చి పంపారు. మజ్జిగ తాగాక ఇంకేం అడుగుతాం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం, "నాకు తిరిగి ఇప్పించక్కర్లేదురా. తిరువూరులో ఫలానా మాస్టారు చేశాడని రెక్క మీద రాయి, చాలు" అన్నారు. రాస్తానని మాటిచ్చాను.

కొండపల్లి వెళ్ళి కర్ర తెచ్చి కొత్త పట్టీలు కోశాను. పట్టు గుడ్డ వేశాను. రేడియోలో పోయినవన్నీ మార్చాను. రిమోటు తిప్పగానే తోక కదిలిన రోజు చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాను. అదే వారం ఆసామి వచ్చాడు. ఉన్న సంగతి చెప్పేశాను.

"పిల్లలతో బొమ్మలేయించుకునే పంతులు విమానం చేశాడా? ఇంజను ఫారిన్‌దేగా? అయితే విమానమూ ఫారిన్‌దే. మేడిన్ ఇంగ్లండ్ అని పెద్దగా రాయి." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, ఈ గది మా బావమరిది అడుగుతున్నాడయ్యా. ఇంకా ఏం చెప్పలేదు."

ఛీ. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ రోత. కానీ ఎర్ర రంగు డబ్బా కొనుక్కొచ్చింది ఆయన కాదు, నేను. బ్రష్షు పట్టింది నేను. మేడిన్ ఇంగ్లండ్ అని రాసిందీ నేనే. ఎలుకల కంపు భరించలేక అన్నం మానేసినవాణ్ణి, ఆ సాయంత్రం శుభ్రంగా తిన్నాను.

మర్నాడు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టుకొచ్చారు. గుడ్డ కప్పేద్దామనుకునేలోపే టేబులు దగ్గరికి వెళ్ళిపోయారు. కళ్ళజోడు పెట్టుకుని రెక్క మీది మాటలు ఒక్కో అక్షరం చదివారు. నేనేదో చెప్పబోయాను. గది అన్నాను, బావమరిది అన్నాను. ఆయన వినిపించుకోలేదు. అక్షరాల కింద గోటితో అలా గీత గీసుకుంటూ పోయారు.

"పెన్సిలుతో ముందు గళ్ళు గీసుకున్నావా?"

"గీసుకున్నానండి."

"అందుకే వంకర పోలేదు. నేను నేర్పినట్టే రాశావురా" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.