సియూ గాయిక్ డ్రాగన్ దాక్కున్న పెట్టె

మలేసియాలోని తెలుక్ ఇంతాన్ పట్టణంలో నిటారుగా నిలబడనిది గడియార స్తంభం ఒక్కటే. నిటారుగా తప్ప నిలబడనిది ఖోర్ సియూ గాయిక్ ఒక్కతే. అరవై మూడేళ్ల ఆ మహాతల్లి దుకాణం స్తంభానికి రెండు వీధుల అవతల ఉంది. బడిపిల్లల బ్యాడ్జీలు, పోలీసుల జేబుల మీద పేర్లు, గుడి తోరణాలు, అన్నీ ఆమె ఎంబ్రాయిడరీ యంత్రమే కుడుతుంది. ఆ యంత్రానికి ఎలా కుట్టాలో చెప్పేది పంతొమ్మిది వందల తొంభై మూడులో కొన్న కంప్యూటరు.

దాని లోపలి ప్రోగ్రామును తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. మూతబడిన తిథి తెలిస్తే ఏటా ఓ అగరుబత్తి వెలిగించేదాన్నని గాయిక్ అనేది. కొత్త కంప్యూటర్లు ఆ ప్రోగ్రామును గడప తొక్కనివ్వవు. కొత్త యంత్రాలు అమ్మేవాళ్లు ఏడాదికోసారి వచ్చి, ఆమె ఇచ్చిన కాఫీ తాగి, ఆమె ఇవ్వని ఆర్డరు తీసుకోకుండా వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల యంత్రాలకు ఆమె డ్రాగన్ రాదు మరి.

ఆ డ్రాగన్ ఎనభై నాలుగు వేల కుట్ల డ్రాగన్. మూడేళ్లపాటు ఆమె ఆ కంప్యూటరులో చుక్క చుక్కగా కూర్చింది. తొమ్మిది మంది దేవతల పండుగకు గుడి ద్వారం మీద కట్టే ఎర్రగుడ్డ మీదికి అది ఇరవై రెండేళ్లుగా ఎక్కుతోంది. ముందుగా కుట్టి పెట్టుకుంటే పోయేదానికి ఆమె ఒక నియమం పెట్టుకుంది: ఇంటిల్లిపాదీ శాకాహారం మొదలుపెట్టిన రోజునే, స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకుని, అప్పుడే కుట్టాలి. అంటే పండుగకు ముందురోజు. రెండు గంటల పని.

ఆ ఏడు గుడి కమిటీకి ఊయి చెంగ్ కోక్ అనే కొత్త అధ్యక్షుడు వచ్చాడు. "ఆంటీ, సాయంత్రం నాలుగింటికల్లా గుడ్డ రాకపోతే ఇపోలో చేయించింది కట్టేస్తాను. ఒకసారి కట్టానంటే ఇక ఏటా అదే," అని ముందే చెప్పాడు. ఇపో నగరపు డ్రాగన్‌ను గాయిక్ చూసింది. పన్నునొప్పి వచ్చిన పిల్లిలా ఉందని ఆమె అభిప్రాయం.

ఆ పవిత్రమైన ఉదయాన ఆమె స్నానానికి వెళ్లింది. భర్త ఆహ్ బూన్, రిటైరైన బస్సు కండక్టరు, భక్తితో చీపురు పట్టాడు. పండుగ ముందు ఇంట్లో దుమ్ము ఉండకూడదు. దుమ్మంతా ఆ కంప్యూటరు మీదే ఉంది. పదకొండేళ్లుగా ఎవరూ ఆపని ఆ పెట్టెను ఆయన ఆపాడు, ప్లగ్గు పీకాడు, సబ్బునీళ్లతో పక్కలు తోమాడు. దేవతలు సంతోషించారో లేదో తెలియదు. కంప్యూటరు మాత్రం తిరిగి లేవలేదు.

పదకొండున్నరకు ఫైజుల్ వచ్చాడు. నలభై ఏళ్ల మెకానిక్కు; పొట్ట ముందు, స్క్రూడ్రైవరు వెనక.

"ఆంటీ, లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆపలేదు కాబట్టి మీకు తెలీలేదు. ఇప్పుడు దీనికి తన డిస్కు ఎంతదో కూడా గుర్తులేదు. మూడు అంకెలు మనమే చెప్పాలి, చెబితే లేస్తుంది."

"మరి చెప్పు!"

"నాకెలా తెలుస్తుంది? డిస్కు మీద చీటీ ఉండాలి. బొద్దింకలు తినేశాయి."

"అదే కనుక్కోలేదా?"

"కొత్తవైతే కనుక్కుంటాయి. దీనికి అంత చదువు లేదు."

గాయిక్ ఊపిరి పీల్చుకుంది. పదకొండేళ్ల కిందట కూడా ఇదే జరిగింది. అప్పటి మెకానిక్కు ఆ అంకెలను చెరగని సిరాతో పెట్టె ఎడమ పక్క మీద రాసి వెళ్లాడు. ఆమె పెట్టెను తిప్పి చూసింది. ఎడమ పక్క తళతళలాడుతోంది. ఆమె మెల్లగా భర్త వైపు తిరిగింది.

"చెరగదన్నారే!" అన్నాడు ఆహ్ బూన్.

"నువ్వు తోమితే గుళ్లో విగ్రహానికి ముక్కు మిగలదు! ఇంత పుణ్యం ఎందుకు కట్టుకున్నావయ్యా?"

ఫైజుల్ తోచిన అంకెలన్నీ వేశాడు. పన్నెండు, పన్నెండున్నర. తెర మీద ఒకే నల్లటి సమాధానం. ఇపో నుంచి వచ్చిన గుడ్డకు గుడిలో ఇస్త్రీ చేస్తున్నారని కబురొచ్చింది. గాయిక్ కుర్చీలో కూలబడింది. ఆమె వంగి కూర్చోవడం ఆ వీధి మొదటిసారి చూసింది.

ఒంటిగంటకు ఆహ్ బూన్ గొంతు సవరించుకున్నాడు.

"గాయిక్. కోప్పడనని మాటివ్వు."

"ఇవ్వను."

"ఒకటి సున్నా నాలుగు ఎనిమిది."

"ఏంటది?"

"మొదటి అంకె. రెండోది పదహారు. మూడోది నలభై."

ఫైజుల్ స్క్రూడ్రైవరు జారవిడిచాడు. "అంకుల్, పదకొండేళ్లనాటిది ఎలా గుర్తుంది?"

ఆహ్ బూన్ చేతులు కట్టుకున్నాడు. శాకాహారం పట్టిన రోజున అబద్ధం ఆడకూడదు. "చచ్చింది బతికితే ఆ నంబరు కలిసొస్తుందంటారు కదా. ఆ రోజు నాలుగంకెల లాటరీలో వెయ్యీ నలభై ఎనిమిది కొన్నాను. మిగతా రెండూ కలిపి పదహారు వందల నలభై కొన్నాను. వీధంతా కొన్నారు. మూడు వారాలకు వాళ్లు మానేశారు."

"నువ్వు?"

"మధ్యలో ఆపితే మర్నాడే తగులుతుందేమోనని..."

"పదకొండేళ్లా? తొమ్మిది మంది దేవతల ముందు నిలబడి లాటరీ మానేశానని ఒట్టేశావు కదూ!"

"ఒట్టేసినప్పుడు ఎనిమిది మందివైపే చూశాను."

ఈలోగా ఫైజుల్ అంకెలు నొక్కాడు. పెట్టె లోపల ఏదో గరగరలాడింది, దగ్గింది, ఇంకోసారి దగ్గింది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చకచకా పరిగెత్తాయి. చివరకు ఎనభై నాలుగు వేల చుక్కల డ్రాగన్ మీసాలతో సహా వచ్చి నిలిచింది.

ఫైజుల్ కేక పెట్టాడు. పక్క కొట్టు నూడుల్స్ ఆయన చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు. గాయిక్ లేచింది. ఒక కన్ను డ్రాగన్ మీద, ఒక కన్ను మొగుడి మీద వేసింది. ఏ కన్నును ముందు వాడాలో తేల్చుకోవడానికి ఆమెకు క్షణం పట్టింది.

"నీ సంగతి పండుగయ్యాక చూస్తాను. గుడ్డ పట్టుకో."

ఒకటి ఇరవైకి సూది దిగింది. తోక, పొలుసులు, గోళ్లు. రెండున్నరకు దారం తెగింది. మగాళ్లు ముగ్గురూ ఒకేసారి "అయ్యో" అన్నారు. ఆమె వేళ్లు మాత్రం అప్పటికే కొత్త దారం ఎక్కిస్తున్నాయి. మూడు నలభైకి చివరి కన్ను పూర్తయింది. ఆహ్ బూన్ మోటారు సైకిలు తీశాడు. ఆమె గుడ్డను బిడ్డలా గుండెకు హత్తుకుని వెనక కూర్చుంది. ఆ వేగం ఆయన బస్సులకు కూడా ఎన్నడూ తెలియదు.

గుడి ముందు నిచ్చెన మీద చెంగ్ కోక్ ఇపో పిల్లిని కడుతున్నాడు. ఒక మూల ముడి పడింది, రెండో మూల చేతిలో ఉంది.

"నాలుగైందా?" అంది గాయిక్.

ఆయన గడియారం చూసుకున్నాడు. "మూడు యాభై ఏడు."

"అయితే దిగు."

ఆయన దిగలేదు. నిచ్చెన మీద నుంచే ఆమె విప్పిన గుడ్డను చూశాడు. తర్వాత ముడి విప్పి పిల్లిని కిందికి వదిలి, చెయ్యి చాపాడు.

"ఇటు అందించండి ఆంటీ. వచ్చే ఏడు మూడున్నరకే తెండి, నా గుండె ఆగిపోయేలా ఉంది."