నడిపినవారి పేరు అన్న గడి

ముప్పై ఏళ్లు చేనేత సహకార సంఘానికి కార్యదర్శిగా పనిచేశాను. మినిట్స్ పుస్తకంలోని ఏ తీర్మానాన్నైనా సభ్యుల ముందు పైకి చదివిన తర్వాతే సంతకాలు తీసుకునేవాణ్ణి, నేనూ పెట్టేవాణ్ణి. అటువంటివాణ్ణి ఒక్కసారి చదవకుండా సంతకం చేశాను. అది పోలీసు ఫిర్యాదు మీద.

ఆ ఉదయం ఉయ్యూరు నుంచి విజయవాడ వస్తున్నాం. కారు నా భార్య నడుపుతోంది. నా కంటికి ఆపరేషన్ అయ్యాక, యాభై తొమ్మిదో ఏట ఆమె డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. అప్పటినుంచి స్టీరింగ్ ఆమెది, పక్క సీటూ, దారిలో వేళలూ వివరాలూ రాసుకునే నోట్‌బుక్కూ నావి. కంకిపాడు చేరకముందే, కాలవగట్టు దారిలోంచి ఒక చెరకు ట్రాక్టరు అటూ ఇటూ చూడకుండా రోడ్డెక్కింది. ఆమె బ్రేకు వేసింది. అయినా ట్రెయిలరు మూల మా కారు ముందు భాగాన్ని నలిపేసింది. స్టీరింగ్ పట్టుకున్న ఆమె కుడి మణికట్టు విరిగింది.

దగ్గరి ఊళ్లోనే వ్యవసాయం చేసుకునే నా బావమరిది కబురందగానే వచ్చాడు. పోలీసు స్టేషను పని తను చూసుకుంటానని, నన్ను ఆమెతో ఆస్పత్రికి పంపాడు. గంటన్నర తర్వాత ఎక్స్‌రే గది బయట నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు.

"ఫిర్యాదు మీ పేరు మీదే రాయించాను బావగారూ. ఇక్కడో సంతకం పెట్టండి, మిగతాది నే చూసుకుంటా."

గదిలోంచి ఆమె మూలుగు వినిపిస్తోంది. పెట్టాను.

రెండు వారాల తర్వాత బీమా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, క్లెయిమ్ ఫారంలో డ్రైవరు మేడమ్ అని రాశారు. ఎఫ్ఐఆర్‌లో మీ బావమరిది గారి పేరుంది. ఎఫ్ఐఆర్ ఎటూ మారదు. ఫారం మార్చి ఇచ్చేయండి సార్, ఈజీగా అయిపోద్ది."

ఎఫ్ఐఆర్ నకలు తెచ్చి, నా నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని వరుసగా చదివాను. తేదీ సరే. సమయం నేను రాసుకున్నదానికి ఐదు నిమిషాల తేడా, సరే. స్థలం, స్టేషను నుంచి దూరం, మా కారు నంబరు, ట్రాక్టరు నంబరు సరిగ్గా ఉన్నాయి. జతచేసిన పటంలో కాలవగట్టు దారి ఎటు ఉండాలో అటే ఉంది. తప్పు ట్రాక్టరుదేనని స్పష్టంగా రాశారు. అన్నీ నిజాలే, ఒక్క గడి తప్ప. కంపెనీ ముందుగా చూసేది ఆ గడినే. నడిపినవారి పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే నిజం దాచారంటుంది. తక్కిన నిజాలేవీ లెక్కలోకి రావు. ఆ అబద్ధం కింద ఉన్నది నా సంతకం.

బావమరిదిని పిలిపించాను.

"అక్క స్టేషను మెట్లెక్కాలా బావగారూ? మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఎప్పుడైనా వెళ్లారా? అందుకే నేను నడిపానని చెప్పానండి. నాకూ లైసెన్సుందిగా!"

కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని వింటున్న నా భార్య అడిగింది. "అప్పుడు నువ్వెక్కడున్నావురా?"

"చేలో ఉన్నానక్కా."

"చేలోంచి బ్రేకెలా వేశావు?"

అతను నవ్వబోయి ఆగాడు. ఆమె నవ్వలేదు.

"ఆ బ్రేకు వెయ్యకపోతే మీ బావగారు ఈపాటికి గోడమీద ఫొటోలో ఉండేవారు. అది నా బ్రేకు. నువ్వు పట్టుకుపోతానంటే ఊరుకోను."

మర్నాడే ఇద్దరం స్టేషనుకు వెళ్లాం. మెట్లు ఆమే ముందు ఎక్కింది. అక్కడ రాతపని చూసే హెడ్ కానిస్టేబుల్ మా మాట సాంతం విని తల అడ్డంగా ఊపాడు.

"ఎఫ్ఐఆర్ దిద్దడం కుదరదు పెద్దాయనా. తప్పుడు ఫిర్యాదని మీ మీదకే వస్తది. క్లెయిమ్ ఫారమే మార్చుకోండి, ఎవరికీ తలనొప్పి ఉండదు."

"దిద్దమనడం లేదండీ. మా సంఘంలోనూ తప్పు తీర్మానాన్ని చెరిపేవాళ్లం కాదు. అది తప్పని తర్వాతి సమావేశంలో ఇంకో తీర్మానం రాసేవాళ్లం. ఇదీ అలాగే. పాతది ఉంచండి, మా ఇద్దరి వాంగ్మూలం ఫైలులో చేర్చండి. చదవకుండా సంతకం పెట్టింది నేను. దానికి ఏం రావాలో నామీదకే రానివ్వండి."

ఎస్సై గారు లేరన్నారు. మళ్లీ వెళ్తే బందోబస్తులో ఉన్నారన్నారు. వెళ్లిన తేదీ, వేళ, చెప్పిన కారణం అక్కడే బల్ల ముందు కూర్చుని నోట్‌బుక్కులో రాసుకున్నాను. మూడోసారి ఎస్సై గారు ఉన్నారు. ఆ నోట్‌బుక్కు తీసుకుని చూసి, మేం రాసుకెళ్లిన వాంగ్మూలం అడిగారు. ఇచ్చేముందు దాన్ని పైకి చదివాను. పక్క బల్లల దగ్గరివాళ్లు తలలెత్తి చూశారు. చివరి వాక్యం దాకా చదివి సంతకం చేశాను.

"మేడమ్ చేత వేలిముద్ర వేయించండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "చెయ్యి కట్టులో ఉందిగా."

"రెండోది బాగానే ఉందండీ," అంది ఆమె. ఎడమ చేత్తో తన పేరు రాసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. వాంగ్మూలం నకలు మీద స్టాంపు వేయించుకుని రసీదు తీసుకున్నాం.

ఆ నకలు కంపెనీకి పంపితే ఉత్తరం వచ్చింది: వాంగ్మూలం మీది సంతకం లైసెన్సు మీది సంతకంతో సరిపోలడం లేదు, కారణం తెలుపగలరు.

నాకు ఒళ్లు మండింది. మూడు పేజీల జవాబు మొదలుపెట్టాను. ఆమె కలం ఆపించింది.

"అంతెందుకండీ? నేను చెప్తా, రాయండి. ఆ రోజు కారు నడిపింది నేను. స్టీరింగ్ మీద విరిగింది నా కుడి చెయ్యి. అందుకే సరిపోలడం లేదు. అంతే."

రాశాను. పైకి చదివి వినిపించాను. కట్టు ఇంకా విప్పలేదు. కాగితం కదలకుండా నేను పట్టుకుంటే, ఆమె ఎడమ చేత్తో సంతకం చేసింది. అదీ సరిపోలలేదు. అలాగే రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం.