సంచిలో అల్లుడు

బోటక్క చేత చీవాట్లు తినని కొండచిలువ ఆ చిత్తడి నేలలో లేదు. ఒకప్పుడు ఆమె మోటారు పడవలో జనాన్ని తిప్పి పక్షుల్ని చూపించేది. ఎవరో మహానుభావులు పరాయి దేశపు కొండచిలువల్ని ముచ్చటపడి కొనుక్కుని, అవి బారెడు పెరిగేసరికి మోజు తీరి, తెచ్చి ఈ నీళ్లలో వదిలి చేతులు దులుపుకున్నారు. అవి పిల్లాపాపలతో వర్ధిల్లి నీటికోళ్లనూ కుందేళ్లనూ ఊడ్చిపెట్టేశాయి. పక్షులే లేని చోట బోటక్కకు పనేముంటుంది? పాముల డాక్టరమ్మ పిలిచి పని ఇవ్వబట్టి ఆమె పొయ్యి వెలిగింది. ఆ మేలు ఆమె ఏనాడూ మరిచిపోలేదు.

డాక్టరమ్మ ఒక మగ కొండచిలువ ఒంట్లో చిన్న రేడియో పెట్టి, కుట్లు వేసి వదిలింది. జత కట్టే కాలంలో అది ఆడపామును వెతుక్కుంటూ పోతుంది. వీళ్లు రిసీవర్ పట్టుకుని దాని వెనకే పోయి, మిగతా పాముల్ని పట్టి తెస్తారు. వాటికి డాక్టరమ్మ సూదిమందు ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చుతుంది. ఎటు బయలుదేరినా అత్తారింటికే చేరుతుంది కనుక, ఆ మగపాముకు బోటక్క అల్లుడని పేరు పెట్టింది.

నీటికోళ్లు ఇక ఒక్క దిబ్బ మీదే మిగిలాయి. దాని పక్కనే ఒక పెద్ద ఆడపాము కుబుసం దొరికింది. అది గుడ్లు పెట్టేలోపు అల్లుడు దారి చూపించకపోతే ఆ దిబ్బ కూడా ఖాళీ.

ఆ ఉదయం బురదలో నాలుగు పాములు చుట్టలు చుట్టుకుని కనిపించాయి. మూడు సంచుల్లో పడ్డాయి, ఒకటి జారిపోయింది. సంచి మూతి కట్టేముందు పొట్ట కడిగి కుట్లు చూడాలన్నది బోటక్క పెట్టిన నియమమే. జారిపోయిందే అల్లుడనుకుని, హడావిడిలో ఆమే చూడలేదు.

తర్వాత రెండు గంటలు అల్లుడి కోసం తిరిగారు. పాము దగ్గరైతే జోరుగా, దూరమైతే మెల్లగా మోగాల్సిన రిసీవర్ ఎటు తిరిగినా ఒకే జోరున టిక్కుటిక్కుమంది.

"వీడు మన పడవ కిందే ఈదుతున్నాడా ఏంటమ్మా?" అంది బోటక్క విసుగ్గా.

విసిగి ఒడ్డుకొచ్చారు. షెడ్డులో డాక్టరమ్మ సూది సిద్ధం చేసింది. బోటక్క రిసీవర్ని అలమరలో పెట్టబోయింది. అక్కడా అదే జోరు! నీళ్లలో ఉన్న పాము షెడ్డులో ఎలా మోగుతుంది? ఆమె సూదికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఆగమ్మా! అల్లుడు సంచిలోనే ఉన్నాడు!"

రెండో సంచిలోంచి తీసి కడిగితే కుట్లు బయటపడ్డాయి. బోటక్కకు ఏడుపొచ్చేసింది. "తప్పు నాదేనమ్మా, నన్ను పనిలోంచి తీసెయ్."

"పొట్ట చూడకుండా సూది పట్టుకున్నదాన్ని నేను కదక్కా. నన్నెవరు తీసేస్తారు?" అంటూ డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకు బోటక్క జన్మంతా రుణపడిపోయింది.

మర్నాడు అల్లుణ్ణి దిబ్బ దగ్గరే వదిలారు. తొమ్మిదో రోజున ఆ పెద్ద ఆడపాము దొరికింది, కడుపులో అరవై గుడ్లతో. పాపం, అది మాత్రం కోరి వచ్చిందా ఇక్కడికి? ఆ సంచి మోస్తుంటే బోటక్క నోట తిట్టు రాలేదు. వెనక్కి తిరిగి, రెల్లులోకి పోతున్న అల్లుడికి దణ్ణం పెట్టింది.

రెండు నెలల తర్వాత దిబ్బ పక్క నుంచి పోతూ ఆమె చటుక్కున ఇంజను ఆపేసింది. పడవలో ఉన్నది డాక్టరమ్మ ఒక్కతే. అయినా బోటక్క లేచి నిలబడి, వెనకటిలాగే చెయ్యి చాపింది.

"అందరూ కుడిపక్కకి చూడండి. నీటికోడి, నాలుగు పిల్లలు. మాట్లాడకండి."