కమోడ్ కింద బెల్లం గడ్డ

చేతిలో టీ కప్పు ఉంటే పక్కన పెట్టి చదవండి. మా అత్తమ్మనీ నా పరువునీ ఒకే పొద్దున రోడ్డు మీదికి తెచ్చిన ఘనకార్యం ఇది. చేసింది నేనే. నా భార్య సుజాత ఆపాలని చూసింది కానీ, అప్పట్లో నా తెలివి మంచి ఊపు మీద ఉండేది.

అత్తమ్మది బెజ్జంకి. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. ఇక కింద కూర్చునే లెట్రిన్ పనికిరాదని డాక్టర్ చెప్పాడు. నడవాలమ్మా అని అందరూ బతిమాలినా ఆమె భయంతో వాకర్ వదలడం లేదు. కరీంనగర్‌లో పెద్దల్లుడి ఇంట్లో కమోడ్ సిద్ధంగా ఉంది. అయినా సిద్దిపేటకే, మా ఇంటికే తీసుకొస్తానని పంతం పట్టాను. తల్లిని తన చేతులతో చూసుకోవాలని సుజాత ఆశ. తోడల్లుడి ముందు మీసం తిప్పాలని నా ఆశ. రేపు పొద్దున్నే డిశ్చార్జి అనగా కమోడ్ వచ్చింది, ప్లంబర్ మల్లేశమూ వచ్చాడు. నేలలోని గొట్టంలోకి తొంగిచూసి నాలుక చప్పరించాడు.

"సార్, గీడ ఫ్లేంజే లేదు."

"గదేంది?"

"గొట్టాన్ని, కమోడ్‌ను గట్టిగ పట్టుకునే చట్రం సార్. గది లేకుంటే కమోడ్ ఊగుతది, కిందికెల్లి నీళ్ళు కారుతయి. హైదరాబాద్‌కెల్లి తెప్పియ్యాలె."

"రేపటికి వస్తదా?"

"రేపు కోహెడల మా బామ్మర్ది లగ్గం సార్. ఎల్లుండి బిగిస్త. అప్పటిదాక ముట్టకున్రి."

ముట్టకున్రి అన్నాడు కదా, ఇక నా చేతులు ఊరుకుంటాయా?

మా తాత దొరల గడీలు కట్టిన మేస్త్రి. "సున్నంల బెల్లం నీళ్ళు పోసి కట్టినం బిడ్డా, ఏనుగు గుద్దినా కదలది" అని చిన్నప్పుడు చెప్పేవాడు. ఎంత సున్నానికి ఎంత బెల్లం, ఎన్నాళ్ళు నానాలి అన్నది కూడా చెప్పే ఉంటాడు. ఆ సమయానికి నేను నిద్రపోయి ఉంటాను. కాస్త బెల్లం నీళ్ళకే ఏనుగు ఆగితే, గడ్డంతా వేస్తే రైలింజను కూడా ఆగుతుందని లెక్క కట్టాను. బతుకమ్మకు మలీద ముద్దలు చేద్దామని సుజాత దాచుకున్న బెల్లం గడ్డను మొత్తంగా పొయ్యెక్కించాను.

"ఏంజేస్తున్నవయ్యా? ఇల్లంత పాకం వాసనొస్తుంది!"

"కమోడ్‌కు పట్టు తయారుచేస్తున్న. మా తాత గడీలకు గిట్లనే చేసిండు."

"గడీలల్ల కమోడ్లుండెనా?"

మంచి ప్రశ్నే. గరిటె ఇంకా గట్టిగా తిప్పాను.

పాకంలో సున్నం కలిపి, గొట్టం నోటి చుట్టూ గారె ఆకారంలో పెట్టి, కమోడ్‌ను దాని మీద కూర్చోబెట్టాను. సాయంత్రానికి రాయిలా బిగిసింది. బట్టలతోనే దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాను. కదిలితే ఒట్టు! ఉత్సాహం ఆగక ఫోటో తీసి తోడల్లుడికి పంపాను.

మర్నాడు అత్తమ్మ వచ్చింది. సుజాత ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటే, వాకర్‌తో గడప దాటడానికే ఆమె ఆపసోపాలు పడింది. బాత్రూం తలుపు దగ్గర నా గడ్డం పట్టుకుని, "నా కోసం గింత తండ్లాడినవా అల్లుడా, సల్లగుండు" అంది. నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

తలుపు మూసుకుంది. కాసేపటికి ఫ్లష్ చప్పుడు వినిపించింది. గెలిచాననుకుని సుజాత వైపు చూశాను. సుజాత నేల వైపు చూస్తోంది. తలుపు కింది నుంచి గోధుమరంగులో ఏదో చిక్కగా, నెమ్మదిగా వస్తోంది.

"అయ్యో, గిదేందయ్యా!" అంటూ కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వెనక్కి గెంతింది.

"బెల్లం! ఒట్టు సుజాతా, బెల్లమే!"

"బెల్లమైతే నాకి సూపియ్యి."

కొన్ని నిజాలు తెలిసి కూడా రుజువు చేయలేం. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

అప్పుడే నా తరఫు సాక్షులు వచ్చారు. తలుపు కింది నుంచి ముందు ఒకటి, వెనక పది, ఆ వెనక ఓ దండు. అన్నీ ఎర్రచీమలు!

"సూడు, చీమలు! బెల్లం గాకుంటే చీమలొస్తయా?" అని కేకేశాను. కేసు గెలిచిన ఆనందంలో, చీమలు కమోడ్ కింద రాత్రే కాపురం పెట్టి ఉంటాయనీ, నీళ్ళు తగిలితే పైకెక్కుతాయనీ, పైన ఎవరు కూర్చున్నారో అదీ గుర్తు రాలేదు. తాత ఏనుగు గురించి చెప్పాడు గానీ చీమ గురించి చెప్పలేదు.

"ఓ అవ్వో! సచ్చిపోయిన్నో!"

తలుపు ధడాలున తెరుచుకుంది. మా అత్తమ్మ చీర దులుపుకుంటూ హాలు దాటి, వరండా దాటి, గేటు తీసుకుని రోడ్డు మీదికి ఉరికింది. వాకర్ లోపలే ఉండిపోయింది.

కుట్లు తెగాయేమోనన్న భయంతో వెనకే పరుగెత్తాను.

"అత్తమ్మా, కాళ్ళు! మీ కాళ్ళు!"

ఆమె కిందికి చూసుకుంది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. "ఓ పిల్లా, నడుస్తున్ననే!" అంది. సుజాత ఏడుస్తూనే నవ్వింది. డాక్టర్‌కి చూపిస్తే ఏమీ కాలేదన్నాడు గానీ, ఎలా నడిచిందని అడిగితే ముగ్గురమూ గోడ వైపు చూశాం.

ఆ సాయంత్రం, నేను పంపిన ఫోటో చూసి తోడల్లుడు ఫోన్ చేశాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ఫోన్ లాక్కుంది.

"పెద్దల్లుడా, మీ ఇంట్ల కమోడ్ కూసుండబెడ్తది. చిన్నల్లుని కమోడ్ ఉరికిస్తది!"

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఆ పొద్దుటి సంగతిలో శివుడి తప్పేమీ లేదు, ఆజ్ఞ నాది. అందుకే మల్లేశం ఫ్లేంజ్ బిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడి, సుజాత తెప్పించిన కొత్త బెల్లం గడ్డ మీద చెయ్యి వేసి, అత్తమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ కట్టె కాలేదాకా బెల్లాన్ని నోట్లో తప్ప మరెక్కడా పెట్టను.