ప్రార్థనా మందిరంలో పాడి ఆవులు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, శాంటా క్లారాలోని మా డిజిటల్ మ్యాపుల కంపెనీ నాకు ఇంగ్లండ్ గ్రామీణ ప్రాంతాల డేటా అప్పగించింది. నా హోదా సీనియర్ రివ్యూయర్. మ్యాపులో కొత్తగా చేర్చిన ప్రతి చోటికీ ఆధారం చూసి ‘అప్రూవ్’ నొక్కడం నా పని. ఆ దేశంలో నేనెన్నడూ అడుగు పెట్టలేదు.

అందులో నెదర్ విక్‌లీ అని ఏడిళ్ల పల్లె ఒకటి ఉంది. సొంత చర్చి లేని చిన్న ఊరిని అక్కడ హ్యామ్లెట్ అంటారు. అలాంటి ఊళ్లో ప్రార్థనా మందిరం ఉందని ఎంట్రీ వస్తే నాకు అనుమానం రావలసింది. పాత చరిత్ర పుస్తకంలో వర్ణన కనబడేసరికి రాలేదు. అప్రూవ్ చేశాను.

రెండు నెలలకు మార్గరెట్ అనే ముసలి రైతు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ మందిరం ఆమె పశువుల కొట్టం. ఆదివారం పాలు పితికే వేళకు, మా మ్యాపు చూసి ఒక బస్సు నిండా గాయకులు దిగి, గంటసేపు కీర్తనలు పాడారట. ఒక్క ఆవూ చేపలేదు. పైగా వాళ్లు గేటు తీసి వదిలేస్తే, చూలు ఆవు ఒకటి మెయిన్ రోడ్డెక్కింది.

మా టీములో వరంగల్ అమ్మాయి స్వాతి అడిగింది: “సార్, డిలీట్ కొట్టేద్దామా? ఈవినింగ్ లోపల ఈ కంప్లైంట్ టికెట్ క్లోజ్ చేయమన్నడు మేనేజర్.”

డిలీట్ చేయాలన్నా యజమానితో మాట్లాడాలని రూలు. ఫోన్ చేశాను. మాకు పొద్దున్న ఎనిమిది, ఆమెకు పాలు పితికే సమయం. ముందు ఆవు పలికింది, తర్వాత ఆమె.

“దీన్ని ఒప్పుకున్న మహానుభావుడెవరు?” అని అడిగింది.

“నేనేనమ్మా.”

బకెట్‌లో పాలధార జోరు పెరిగింది. తీసేస్తానన్నాను. ఆమెకు ఇంకా కోపం వచ్చింది. “తీసేస్తావా? ఐదొందల ఏళ్ల కిటికీ అది! కప్పు కూలిపోతే మా ముత్తాత పెంకులు వేయించి ఆవుల్ని కట్టాడు. మా ఊళ్లో చూడ్డానికి అదొక్కటే ఉంది. చూడనీ, లోపలికి రానీయకు.”

మ్యాపులో చోటు ఏ రకమో ఎంచుకునే మా జాబితాలో మందిరం ఉంది, పశువుల కొట్టం ఉంది. రెండూ ఒకటే అనడానికి మాత్రం వీల్లేదు. దారి స్వాతే చూపించింది: “హిస్టారిక్ సైట్ అని మార్చి, యాక్సెస్ ప్రైవేట్ పెడదాం సార్. పిన్‌ని రోడ్ మీదికి మూవ్ చేస్తే అక్కడ్నే ఆగుతరు.”

అలాగే చేశాం. వేసవిలో మార్గరెట్ ఒక ఫోటో పంపింది. కంచె బయట పర్యాటకులు కెమెరాలెత్తి నిలబడ్డారు. ఆ పాత కిటికీలోంచి ఆవు ఒకటి తల బయటపెట్టి వాళ్లను చూస్తోంది.

నేను చూసిన ఆధారం అబద్ధం కాదు, అది ఎప్పటి నిజమో చూసుకోకపోవడం నా తప్పు. ఆ తర్వాత ఏ పాత కట్టడం ఎంట్రీ వచ్చినా, అప్రూవ్ నొక్కే ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: ఇప్పుడు లోపల ఎవరుంటున్నారు?