పక్క కుర్చీ మేడం

పాఠక మహాశయులారా, ముందుగా క్షమాపణలు. సంతాపం రాయడానికి కావలసిన గంభీరమైన ముఖం, తెల్ల చొక్కా, తగిన వయసు, ఈ మూడూ లేనివాణ్ణి. అయినా సాహసిస్తున్నాను. జగ్గయ్యపేటలో నాకు కౌన్సెలింగ్ నేర్పిన మేడం మొన్న మంగళవారం గుండెపోటుతో పోయారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు కింద దండం పెట్టే బొమ్మలు వరసగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టి, చాలదనిపించి ఇది మొదలుపెట్టాను.

ఆవిడ అసలు హైస్కూల్లో బయాలజీ చెప్పేవారు. పిల్లల బాధలు వినే పని ఇంకెవరూ తీసుకోకపోతే తాను తీసుకుని, సెలవుల్లో డిప్లొమా చేసి, రిటైరయ్యే వయసు దాకా విన్నారు. నేను నందిగామ నుంచి బస్సులో వెళ్లి ఆవిడ దగ్గర పీజీ ప్రాక్టికల్స్ చేశాను. మొదటిరోజు నా పుస్తక జ్ఞానమంతా అప్పజెబితే ఓపిగ్గా విని, భోంచేశావా అని అడిగారు. అంత పనికొచ్చే ప్రశ్న మా సిలబస్‌లో లేదు.

ఆవిడ గదిలో రెండు కుర్చీలూ పక్కపక్కనే, కిటికీ వైపు ఉండేవి. వచ్చిన పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం, అట్ట వేసే కాగితం ఇచ్చేవారు. ఇద్దరూ అట్టలు వేస్తూ కూర్చునేవారు. పిల్లల ముఖంలోకి చూసేవారు కాదు.

"ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూ అవుద్ది నాయనా. బస్సులో పక్క సీటాయనకి ఎన్ని చెప్పుకోం?" అనేవారు.

ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి సరేనంటే వెనక బెంచీ మీద నేనూ కూర్చున్నాను. (తరగతి మార్చాను, ఆ పిల్లది ఏ ఊరో చెప్పను. ఆ మాత్రం వృత్తిధర్మం అబ్బింది.) రెండు పుస్తకాల దాకా మాటల్లేవు. మూడో అట్ట మడుస్తూ ఆ పిల్ల, "పత్తి తియ్యటానికి పోతన్నా మేడం. ఇంక బడి మాన్పిస్తారంట" అంది. మేడం తల తిప్పలేదు. నీకేం చెయ్యాలనుందమ్మా అని అడిగి, మడత సరిచేశారు. పిల్ల ఏడ్చింది, తర్వాత చాలాసేపు మాట్లాడింది. సాయంత్రం మేడం ఆ పిల్ల ఇంటికి వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడారు. ఆ అమ్మాయి బడి మానలేదు.

ఆ ఏడే మా డిపార్ట్‌మెంట్ కోర్సును వృత్తి ప్రమాణాలకు తగ్గట్టు సరిదిద్దింది. మంచి పనే. అంతకుముందు సగం బ్యాచ్ క్యాంటీన్లో కూర్చుని ప్రాక్టికల్ గంటలు రాసుకునేది. కొత్త పద్ధతిలో, మాకు నేర్పేవారు పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో చూసి మేమే ఒక ఫారం నింపాలి. అందులో తేడా వస్తే ఆ బడికి మళ్లీ విద్యార్థుల్ని పంపరు. మేడంకి మా అవసరం ఉంది. బడినిండా పిల్లలు, వినడానికి ఆవిడొక్కరే.

ఫారంలో ఒక ప్రశ్న: కళ్లలోకి చూసి మాట్లాడారా? నేను పెన్ను నములుతుంటే మేడం అన్నారు: "చూసింది రాయి. నా కోసం అబద్ధం రాశావంటే రేపు పిల్లల గురించీ రాస్తావు."

'లేదు' దగ్గర టిక్ పెట్టాను. మరుసటి ఏడు ఆ బడికి ఎవర్నీ పంపలేదు.

గురువు కోసం కూడా అబద్ధమాడని వాణ్ణని ఇన్నాళ్లూ గొప్పలు చెప్పుకు తిరిగాను. అసలు చేసింది వేరు. ఆ ప్రశ్న పక్కనే కారణం రాయడానికి ఒక గడి ఉంది. ఆవిడ ఎందుకు చూడరో నాకు తెలుసు. ఫలితం కళ్లారా చూశాను. రెండు వాక్యాలు చాలు. రాస్తే వైవాలో నన్ను నిలబెట్టి ప్రశ్నలేస్తారని భయపడి ఖాళీగా వదిలేశాను.

ఆ ఫారం చదివి సంతకం చెయ్యాల్సింది ఆవిడే. ఆవిడ పెన్ను ఆ ఖాళీ గడి మీద కాసేపు ఆగింది. నేను ఏదైనా అంటానేమోనని చూసినట్టున్నారు. తర్వాత కిందికి జరిపి, పూర్తి పేరుతో, గుండ్రంగా సంతకం పెట్టారు.