తోడికోడలు చూసిన చిత్రకోట

కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో కాపురానికొచ్చి చాలా ఏళ్ళయినా నేను చిత్రకోట జలపాతం చూడలేదు. మా ఆయన ఇనుపరాయి మోసుకెళ్ళే గూడ్సుబండికి గార్డు. ఎర్రదుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చిన మనిషిని ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడగబుద్ధయ్యేది కాదు.

ఆ దసరాకి విజయనగరం నుంచి అత్తగారు, బావగారు, తోడికోడలు వచ్చారు. మా ఆయన అప్పటికప్పుడు సెలవు పెట్టి జీపు మాట్లాడేశారు. నాకోసం ఎన్నడూ దొరకని సెలవు! అయినా నోరు మూసుకుని పులిహోర కలిపి డబ్బాలకెత్తాను. చీర మార్చుకోబోతుంటే ఆయన లోపలికొచ్చారు.

"జీపులో చోటు సాలదే. మన పిల్లాడికి జలుబు కూడాను. నువ్వెలాగా ఇక్కడే ఉంటావు, ఎప్పుడైనా సూడొచ్చు."

తిరిగొచ్చాక తోడికోడలు మా వరండాలో కూర్చుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళని చుట్టూ పోగేసుకుంది.

"బారసూరులో ఇద్దరు వినాయకులమ్మా! ఒక్కొక్కరినీ ఒకే రాతిలో సెక్కేసినారు. జగదల్‌పూర్ దసరాకి రావణుడే లేడట, పండగంతా దంతేశ్వరి అమ్మవారికేనట. ఇంక చిత్రకోట సూడాల! నది నదంతా ఒక్కసారే కిందకి దూకీసినట్టుంది. తుంపర్లకి నా సీరంతా తడిసిపోనాది. వెనక్కి రా వదినా అని మా మరిది ఒకటే కేకలు!"

అని నావైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ ఇక్కడే ఉండి నువ్వు సూడలేదేటి చెల్లీ?"

పప్పు మాడుతోందని లోపలికి వెళ్ళాను. పొయ్యిమీద పప్పే లేదు. ఆ తడిసిన చీర మాత్రం నేనే ఉతికి, నా దండెం మీదే ఆరేశాను.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయనతో మాటలు తగ్గించాను. ఎండాకాలానికి ఆయనే దిగివచ్చారు. చిత్రకోటకి తీసుకెళ్ళారు. ఎత్తయిన నల్లరాళ్ళ మీంచి పాయలు పాయలుగా నీళ్ళు జారుతున్నాయి. "దసరాకి ఈ కొసనించి ఆ కొసదాకా నీళ్ళేనే! వదిన భయపడిపోయింది," అన్నారు సంబరంగా. అంతదూరం వెళ్ళినా ఆవిడే ఎదురైంది.

మర్నాడు కుటుంసర్ గుహకి దిగాం. గైడు పెట్రోమాక్సు లైటు మడుగు మీదికి వంచి, "అంధీ మఛ్లీ, దీదీ," అన్నాడు. తెల్లటి చిన్న చేపలు. చీకట్లోనే పుట్టి పెరిగి చూపే లేకుండా పోయిందట వాటికి. నేను ముందు అనుకున్నది ఒకటే: ఇది ఆవిడ చూడలేదు!

తర్వాత విజయనగరంలో ఓ పెళ్ళికి కలిసినప్పుడు నలుగురిలో ఆ చేపల కబురు చెప్పాను. తోడికోడలు ముఖం మారిపోయింది.

"మరి మాకు సూపించలేదేటి మరిదీ?"

"వానల్లో గుహలోకి నీళ్ళొచ్చేస్తాయి వదినా. దసరాకి ఇంకా తెరవరు," అన్నారాయన. సాయంత్రం దాకా నాకు కడుపు నిండినట్టుంది.

చీకటి పడ్డాక పెళ్ళింటి పిల్లలు ఆవిడ చుట్టూ చేరారు. చేతులు బారచాపి ఆవిడ జలపాతం చూపిస్తుంటే నోళ్ళు తెరుచుకుని విన్నారు. నా చేపల గురించి ఒక్కరూ అడగలేదు.

మళ్ళీ వానలు పడకముందే ఆయనకి వాల్తేరు బదిలీ అయింది. నిండుగా దూకే చిత్రకోటని నేను చూడనే లేదు. ఆవిడ చూసింది.